మద్రాసు నుంచి వచ్చిన వాక్యం

లలిత బతికింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పిల్లల జబ్బుల గురించి ఎవరైనా రాసినది చేతికి వస్తే నేను మొదట చివరి పేజీ తిప్పి చూసుకుంటాను. మీలోనూ అట్లా చూసుకునేవాళ్ళు ఉంటారు. ఆ ఒక్క మాట తప్ప ఇందులో ధైర్యం చెప్పే సంగతులు ఎక్కువ లేవు. పిల్ల నిద్రపోయాక, దాని ఊపిరి వినబడేంత దగ్గరలో కూర్చుని, రోజుకు కొంచెం రాస్తున్నాను. రాస్తున్నంతసేపు ఆ ఊపిరి లెక్కపెట్టడం మానేస్తాను. అదొక కారణం. నేను చేసిన ఒక తప్పు ఇంకొకరు చేయకూడదన్నది రెండో కారణం.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన ఇక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు. అత్తమామలు ఆదోనిలో ఉంటారు. మామగారిది పత్తి వ్యాపారం. నేను అనంతపురం కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాను. లలిత మా మొదటి పిల్ల.

లలిత జబ్బుకు ముందటి ఎండాకాలం

మా ఇంటికి ఎదురు వరసలో ఖైరూన్‌బీ ఇల్లు. నేతవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె పని. పొద్దున్నుంచీ ఆమె రాట్నం చప్పుడు మా వంటింట్లోకి వినబడుతూ ఉంటుంది. ఆ ఎండాకాలంలో ఒకరోజు ఆ చప్పుడు ఆగింది. ఆమె కూతురు జైనబ్‌కు జ్వరం వచ్చింది, నాలుగో రోజుకు ఎడమ కాలు పడిపోయింది.

అంటుకునే జబ్బని వీధంతా భయపడింది. అందరికంటే ఎక్కువ భయపడింది నేను. మిగతావాళ్ళు విన్నారు, నేను చదివాను కూడా. లలితకు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. వారం రోజులు ఆగి, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. గడప దాటలేదు. మెట్టు మీద నిలబడి లోపలికి చూశాను. ఖైరూన్‌బీ చాప మీద కూర్చుని పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఏదో అన్నాను. ఏమన్నానో జ్ఞాపకం లేదు. తర్వాత తిరిగి వచ్చేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఎవరింటికి వెళ్ళినా లేచేటప్పుడు "పొయ్యొస్తా" అని చెప్పి లేస్తారు. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు మాత్రం ఆ మాట అనరు. అలాంటి ఇంటికి మళ్ళీ రావలసిన పని పడకూడదని, చెప్పకుండానే లేచి వెళ్ళిపోతారు. ఆ రోజు నేను ఖైరూన్‌బీకి చెప్పకుండా వచ్చేశాను. ఆమె పిల్ల కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తూ ఉంది.

సాయంత్రం మా ఆయన బడి నుంచి రాగానే ఈ సంగతి చెప్పి, ఇంగ్లీషులో అన్నాను: "మై హార్ట్ గోస్ ఔట్ టు హర్." నా హృదయం బయలుదేరి ఆమె దగ్గరికి వెళుతోంది అని దాని అర్థం. కాలేజీలో మా లెక్చరర్ ఉత్తరాలు రాయడం నేర్పుతూ ఈ వాక్యానికి ఒక పూర్తి గంట కేటాయించారు. జ్వరం వచ్చినవాడికీ పరీక్ష తప్పినవాడికీ ఇది రాయకూడదనీ, ఇల్లు కాలిపోయినవాడికి, భార్య పోయినవాడికి, అంటే పోయింది తిరిగి రాదని తెలిసినవాడికి మాత్రమే రాయాలనీ చెప్పారు. చిన్న దుఃఖానికి వాడితే ఎగతాళి అవుతుందన్నారు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, నాకు మంచి మార్కులు వచ్చాయి.

మా ఆయన చెప్పులు విడుస్తూ, "సరిగ్గానే వాడినావు," అన్నారు.

శ్రావణం

మరుసటి సంవత్సరం శ్రావణంలో లలితకు జ్వరం వచ్చింది. మొదటి రోజు జలుబనుకున్నాను. రెండో రోజు మెడ తిప్పితే ఏడ్చింది. మూడో రోజు తెల్లవారి దాన్ని దింపి నిలబెట్టబోతే కుడి కాలు బట్టలా మడతపడింది. మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ మడతపడింది. "కాలు నిద్రపోయిందమ్మా," అంది లలిత. నిద్రపోయినవాళ్ళను లేపకూడదని నేనే దానికి చెప్పేదాన్ని కాబట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

ఆదోనికి తీసుకుపోదామంటే బస్సు లేదు. ఉరుకుంద ఈరన్న స్వామి తిరునాళ్ళకని ఉన్న బస్సులన్నీ అటే తిరుగుతున్నాయి. స్టాండు నిండా గుండ్లు చేయించుకున్న పిల్లలు, టెంకాయ చిప్పలు, పసుపు గుడ్డలు. ఒక ముసలాయన నా చేతిలో పిల్లను చూసి, ఈరన్నకే తీసుకుపోతున్నామనుకుని, తను లేచి మాకు చోటు ఇవ్వబోయాడు. మేము అటు కాదని చేత్తోనే చెప్పి పక్కకు జరిగాను. చివరికి నేత బట్టల మూటలు వేసుకుని ఆదోని పోతున్న ఒక లారీ దొరికింది. మూటల మధ్య లలితను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. కొత్త బట్టల గంజి వాసన ఈరోజుకీ నాకు పడదు.

ఆదోనిలో డాక్టరు చూసి, పిల్లలకు వచ్చే వాతమనీ పోలియో అంటారనీ చెప్పారు. జ్వరం తగ్గేదాకా ఏమీ చెప్పలేమన్నారు. మూడు రాత్రుల తర్వాత ఊపిరి తీసుకోవడం కష్టమైంది, తర్వాత అది తేలికపడింది. బతుకుతుందన్నారు. కాలి సంగతి అడిగితే, చూద్దామన్నారు. ఆ "చూద్దాం" అన్న మాటను పట్టుకుని కొన్ని నెలలు బతికాం.

భాద్రపదం

అత్తగారింట్లోనే ఉండిపోయాం. మా ఆయన బడికి ఎమ్మిగనూరు వెళ్ళి, శనివారం వచ్చేవారు.

మా అత్తమ్మ కోడిగుడ్డు అన్న మాట కూడా ఇంట్లో అననివ్వని మనిషి. ఎవరో చెప్పారు, పావురం రక్తం వెచ్చగా ఉన్నప్పుడే పూస్తే వాతం విడుస్తుందని. ఒక పొద్దున ఆమె పెరటి వాకిలి నుంచి చిన్న గిన్నె మీద గుడ్డ కప్పుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నేను గిన్నె అందుకోబోయాను.

"ముట్టుకోవద్దు. నేనే పూస్తా," అంది. "నువ్వు అటు తిరుక్కో. చదువుకున్నదానివి, ఇది పనికి రాదంటావు. అనొద్దు. పూసినాక అను."

పూసింది. తర్వాత బావి దగ్గర తల మీద చన్నీళ్ళు పోసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. అట్లా తొమ్మిది రోజులు చేసింది. పనికి రాలేదు. నేనూ ఆ మాట అనలేదు.

చూడటానికి బంధువులు, మండీ వీధి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అందరూ మంచివాళ్ళే. ఒకరు బత్తాయిలు తెచ్చారు, ఒకరు మంత్రాలయం నుంచి మృత్తిక, అక్కడి పవిత్రమైన మట్టి, తెచ్చి లలిత నుదుట పెట్టారు. ఒకరోజు మామగారి పిన్నమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, వీధిలో ఏ ఇంట ఏం జరిగినా ముందు ఆమె ఉండాలి. లలిత కాలు ఎత్తి వదిలి చూసింది. కాసేపు కూర్చుంది. తర్వాత కొంగు సర్దుకుని, ఏమీ చెప్పకుండా లేచి వాకిట్లోకి నడిచింది. ఆమె వెంట వచ్చిన ఇద్దరు కూడా అట్లాగే లేచారు.

అత్తమ్మ వాళ్ళను వీధి గుమ్మం దగ్గర పట్టుకుంది. నాకు మంచం మీది నుంచి అంతా వినబడింది.

"ఏం పిన్నమ్మా, చెప్పకుండా పోతాండావే? మా ఇంట్లో ఎవురూ పోలేదు."

"అయ్యో, వయసైపోయె కదమ్మా. మర్సిపోతి."

"మర్సిపోతే మళ్ళా రా. లోపలికొచ్చి కూసో. కూసోని, లేసి, చెప్పి పో."

ముసలావిడ నిజంగానే లోపలికి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. లలిత తలను తడిమింది. లేచింది. "పొయ్యొస్తానమ్మా," అంది. వెనకున్న ఇద్దరూ అదే అన్నారు. వాళ్ళు వెళ్ళాక అత్తమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చింది. నా పెళ్ళయ్యాక ఆమె ఏడవడం చూడటం అదే మొదలు.

నేను ఏడవలేదు. ఖైరూన్‌బీ ఇంటి మెట్టు మీద నేను ఏం చేసి వచ్చానో అప్పుడే తెలిసింది. ఆమెకు వీధి గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని వెనక్కి పిలిచే అత్తగారు లేరు.

ఆ వారంలోనే కమల ఉత్తరం వచ్చింది. కమల నాతో కాలేజీలో చదివింది, ఇప్పుడు మద్రాసులో కాపురం. మా ఆయన ఆమెకు సంగతి రాసినట్టున్నారు. రెండు పుటల ఇంగ్లీషు ఉత్తరం. చివర ఆ వాక్యమే ఉంది: మై హార్ట్ గోస్ ఔట్ టు యూ. కమలా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న వాక్యం. ఎప్పుడు రాయాలో, ఎప్పుడు రాయకూడదో ఆమెకు నాకంటే బాగా తెలుసు. డాక్టరు ఇంకా చూద్దామంటున్నాడు, కమల అప్పుడే చూసేసింది. ఉత్తరాన్ని చింపేద్దామని రెండుగా మడిచాను. చింపలేక జాకెట్లో దోపుకున్నాను.

ఆశ్వయుజం

ఎమ్మిగనూరికి తిరిగి వచ్చాం. దిగిన రోజు మధ్యాహ్నం వాకిట్లో నీడ పడింది. చూస్తే ఖైరూన్‌బీ. చేతిలో గుడ్డ మూట ఉంది, అందులో వేడి ఇసుక. ఏడాదిగా ఆమె నాతో మాట్లాడలేదు. బావి దగ్గర ఎదురుపడితే కడవ ఎత్తుకుని పక్కకు తిరిగిపోయేది.

"కాపడం పెడ్తాండారా?" అంది.

లేదన్నాను. నొప్పికి పిల్ల ముట్టుకోనివ్వడం లేదన్నాను.

"అందుకే పెట్టాల్సింది. ఇట్లియ్యి పిల్లను."

గడప దాటి వచ్చి, చాప మీద కూర్చుని, లలితను ఒళ్ళోకి తీసుకుంది. లలిత కెవ్వుమని అరిచింది. ఖైరూన్‌బీ పట్టించుకోలేదు. మూటను మొదట తన చెంపకు ఆనించుకుని వేడి చూసుకుంది. తొడ మీద ఒకచోట పెట్టి, తీసి, ఇంకోచోట పెట్టింది. ఇసుక చల్లారేసరికి అరుపు ఏడుపయింది, ఏడుపు ముక్కుతో ఎగబీల్చడం దాకా వచ్చింది. మూట ఎట్లా కట్టాలో, ఇసుక ఎంతసేపు వేయించాలో నాకు చూపించి లేచింది.

"వస్తా అయివారమ్మా. రేపు నూలు ఇచ్చే దినం, కొంచెం పొద్దుపోయి వస్తా."

ఆమె మెట్టు దిగుతుంటే, "ఖైరూన్‌బీ, ఆ దినం నేను మీ ఇంటికి వచ్చి చెప్పకుండా పోయినాను," అన్నాను.

ఆమె ఆగింది. "చూసినా. మెట్టు దిగి కొంగు దులుపుకుంటివి, అది కూడా చూసినా."

కొంగు దులుపుకున్న సంగతి నాకు జ్ఞాపకం లేదు. కాదనలేకపోయాను.

"కోపం లేదా?"

"ఉన్యాది. యాడికి పోతాది?" అంది. "కాపడం పెట్టేకి కోపంతో ఏం పని?"

మరునాడు వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఒక్కోసారి జైనబ్‌ను చంకన వేసుకుని వచ్చేది. జైనబ్ కాలు ఏడాదిన్నర తర్వాత కూడా సన్నగా, చల్లగా, అట్లాగే ఉంది. నేను దాన్ని చూసి చూడనట్టు ఉండేదాన్ని. ఖైరూన్‌బీ మా పిల్ల కాలు వస్తుందని ఒక్కసారి కూడా అనలేదు. రాదని కూడా అనలేదు.

ఒకనాడు నా జాకెట్లోంచి కమల ఉత్తరం జారి పడింది. నెల రోజులుగా అక్కడే ఉండి చెమటకు అంచులు నలిగిపోయాయి. ఏం కాగితమని ఖైరూన్‌బీ అడిగింది. చెప్పాను. ఏం రాసిందని అడిగింది. ఆ చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పాను. ఎవరికి రాస్తారో, ఎందుకు రాస్తారో మా లెక్చరర్ చెప్పినట్టే చెప్పాను. నా గొంతులో వెటకారం ఉందేమో, ఆమె నా ముఖం వైపు చూసింది.

"ఆయమ్మ ఏ ఊర్లో ఉంటాది?"

"మద్రాసు."

"అంత దూరం నుంచి మనిషి యాడ వస్తాది? పిల్లలుంటారు, సంసారముంటాది. రాలేక గుండెనన్నా పంపిచ్చింది. మంచిదే కదా?" ఇసుక మూట తిరగేసింది. "జవాబు రాసినావా?"

రాయలేదన్నాను.

"రాయి. పాపం, ఎదురు చూస్తాంటాది."

జైనబ్‌కు జబ్బు చేసినప్పుడు నేను ఉన్నది మద్రాసులో కాదు, ఎదురు వరసలో. నాకు రాట్నం ఆగిపోయిన సంగతి కూడా వినబడింది.

పుష్యం

బళ్ళారిలో ఇలాంటి కేసులు బాగా చూసే డాక్టరు ఉన్నారని తెలిసి తీసుకుపోయాం. వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. బల్ల మీద నా పక్కన ఒక కన్నడ ఆవిడ, ఒళ్ళో మూడేళ్ళ పిల్లవాడు. ఆమె మాట నాకు సగమే తెలుస్తుంది. జొన్నరొట్టె విరిచి, సగం లలిత చేతిలో పెట్టింది. నేను వద్దంటుంటే లలిత తినేసింది. ఇద్దరం పిల్లల కాళ్ళ వైపు చూసుకున్నాం. ఆమె పిల్లవాడికి రెండూ పడిపోయాయి. నాకు అప్పుడు కలిగినది జాలి కాదు. మాకు ఒకటే కదా అన్న ఊరట. ఆ ఊరటకు సిగ్గుపడి ఆమెతో మళ్ళీ మాట్లాడలేకపోయాను.

డాక్టరు చిన్నవాడు, మంచివాడు. చాలాసేపు పరీక్ష చేశాడు. ఆర్నెల్లలో వచ్చిందేదో అదే వచ్చినట్టు, ఇక కొత్తగా వచ్చేది ఉండదన్నాడు. పిల్ల కొంచెం పెరిగాక ఇనుప పట్టీల బూటు వేస్తే నిలబడవచ్చు. నడక అని దాన్ని అనలేం అన్నాడు. మా ఆయన ఇంగ్లీషులో అదే ప్రశ్నను మూడు రకాలుగా అడిగారు. మూడుసార్లూ అదే జవాబు ఓపిగ్గా చెప్పాడు.

గుంతకల్లులో బండి మారాం. ఆదోని బండి ఎక్కాక ఆయన, "వేసవి సెలవుల్లో మద్రాసు పోదాం. అక్కడ ఇంకా పెద్ద డాక్టర్లుంటారు," అన్నారు. సరే అన్నాను. నాకు నమ్మకం లేదు. ఆయన ఆశ పెట్టుకున్నారు కదా, నేనెందుకు తీసేయాలని సరే అన్నాను.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నా దగ్గర జవాబులు ఉండేవి. నెమ్మది మీద వస్తుందన్నారు. పెరిగేకొద్దీ బలం వస్తుందన్నారు. మద్రాసులో చూపించాలి. అత్తమ్మకు ఒకటి, వీధివాళ్ళకు ఒకటి, పుట్టింటికి ఒకటి. కమలకు జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చుని, ఈ మూడు జవాబుల్లో ఏది రాయాలో తెలియక లేచిపోయాను.

ఈ చైత్రం

పదిరోజుల కింద ఖైరూన్‌బీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. నేతవాళ్ళ వీధిలో ఈరమ్మ అని, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ఆమె బిడ్డకు నాలుగు రోజులుగా జ్వరమట. నిన్నటి నుంచి కాలు కదపడం లేదట. "నీ దగ్గరికి వస్తాననె. నేనే వద్దంటి. పిల్లను వదిలి యాడ వస్తాది? నువ్వే రా. లలితను నేను చూసుకుంటా," అంది.

నా భయం ఏమీ తగ్గలేదని చెప్పాలి. వెళ్ళాను.

ఒకటే గది. సగం మగ్గం గుంట. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఆగి ఉంది. ఈరమ్మ గోడకు ఆనుకుని, బిడ్డను గుండెల మీద వేసుకుని కూర్చుంది. నేను పక్కన చాప మీద కూర్చున్నాను. బిడ్డ పాదం పట్టుకుని చూశాను. కాలుతోంది.

"మీ పాపకు ఇదే కదమ్మా వచ్చింది?"

"ఇదే."

"బతికింది కదా?"

"బతికింది."

"నడుస్తాదా?"

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి నోటి దాకా వచ్చింది కూడా. ఈరమ్మ ముఖం చూస్తూ అది అనలేకపోయాను.

"నడవదమ్మా," అన్నాను.

అంతవరకు ఆ మాట నా నోటి నుంచి రాలేదు. అంత చిన్నమాట అని నాకు తెలియదు. ఈరమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె కాస్త ముందుకు వంగింది.

"అన్నం తింటాదా?"

"తింటుంది."

"అమ్మా అని పిలుస్తాదా?"

"పిలుస్తూనే ఉంటుంది. పని చేసుకోనివ్వదు."

"అయితే సాలు," అంది. "నాకు అంత మాత్రం మిగిలితే సాలమ్మా."

ఆమె ముఖంలోకి కళ వచ్చింది. ఎనిమిది నెలలుగా నేను దేన్ని చూసి ఏడుస్తున్నానో, దాన్నే ఆమె దేవుణ్ణి అడుగుతోంది. ఇసుక వేయించి మూట కట్టి ఇచ్చి వచ్చాను. ఇప్పటికి పది రోజులు, రోజూ వెళుతున్నాను. బిడ్డకు జ్వరం పూర్తిగా విడవలేదు. ఏమవుతుందో తెలియదు.

మొదటిసారి వెళ్ళివచ్చిన ఆ సాయంత్రం మా ఆయన కిటికీ దగ్గర పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నారు. లలిత ఆయన పక్కనే చాప మీద, మిగిలిన ఎర్ర పెన్సిల్ ముక్కతో గోడ మీద గీస్తోంది. నేను వాకిట్లోంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "లలిత నడవదు," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "తెలుసు," అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"బళ్ళారిలోనే. నువ్వు ఆశ పెట్టుకున్నావు కదా అని మద్రాసు అంటాంటి."

ఇద్దరం ఒకరికోసం ఒకరం మోసుకుంటూ వచ్చినది అక్కడ దింపేశాం. తేలిక కాలేదు. ఇంటి నిండా అదే ఉంది. ఆయన కలం మూత పెట్టి, కాగితాలు పక్కకు జరిపి, గోడ మీద గీతలు గీస్తున్న పిల్లను చాలాసేపు చూశారు.

"దానికి ఎవరు చెప్తారు?" అన్నారు. "ఏమని చెప్తాం?"

పది రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నాకు తెలిసిన రెండు భాషల్లోనూ వెతికాను. మూడేళ్ళ పిల్లకు చెప్పదగిన మాట ఏదీ ఇంకా దొరకలేదు.